హెడ్ యూనిట్ టెస్టింగ్: ముందు కరెంటు, ఆఖర్న తెర

కారు డాష్‌బోర్డులో పాటలు, రేడియో, మ్యాపు, ఫోను, వెనక కెమెరా అన్నిటినీ నడిపే పెట్టెని ఈ రంగంలో హెడ్ యూనిట్ అంటారు. దానికి ఆటోమేటెడ్ టెస్టింగ్ పెట్టమంటే చాలా జట్లు తెర దగ్గర మొదలుపెడతాయి. ఒక స్క్రిప్టు హోం బటన్ నొక్కుతుంది, రేడియోలోకి వెళ్తుంది, స్క్రీన్‌షాట్ తీస్తుంది, పాత బొమ్మతో పోల్చి పాస్ అంటుంది. పై అధికారులకి చూపించడానికి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి అలాంటి టెస్టులు వందల్లో పోగవుతాయి. రోజూ పొద్దున కొన్ని ఎర్రగా, అంటే ఫెయిల్ అయినట్టు, కనిపిస్తాయి, నిన్నటి ఎర్రవీ ఇవాళ్టి ఎర్రవీ ఒకటి కావు. కొన్నాళ్లకి వాటిని తెరిచి చూసేవాళ్లు కరువవుతారు.

దీనికి కారణం స్క్రిప్టు సరిగ్గా రాయకపోవడం కాదని నా గట్టి నమ్మకం. కట్టడం తలకిందులుగా మొదలైంది. హెడ్ యూనిట్ ముందుగా ఒక కరెంటు పరికరం. బ్యాటరీ వోల్టేజీ, ఇగ్నిషన్, క్యాన్ బస్సు (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల జత) మీద మిగతా కంప్యూటర్ల మాటలు, యాంటెన్నా, స్పీకర్లు, వీటన్నిటి మధ్యా అది బతుకుతుంది. వీటిలో ఒక్కటి మన చేతిలో లేకపోయినా తెర మీద కనిపించేదానికి కారణం చెప్పలేం. అందుకే బెంచ్ (యూనిట్‌ని కారు బయట బల్ల మీద పెట్టి పరీక్షించే ఏర్పాటు) కట్టే పని బ్యాటరీ తీగ దగ్గర మొదలై తెర దగ్గర ముగియాలి.

మనిషి చేసే టెస్టుల్నే యంత్రంతో చేయించడం ఆటోమేషన్ లక్ష్యం అనుకోవడం మరో పొరపాటు. చేయి తిరిగిన టెస్టరు తెర మీద తేడాని కెమెరా కన్నా బాగా పట్టుకుంటాడు. అతను చేయలేనిది ఒకే పనిని వేలసార్లు ఒకేలా చేయడం. లెక్క చూడండి. ఐదు వందల స్టార్టుల్లో ఒకసారి స్పీకర్లు మూగబోయే లోపం ఉందనుకుందాం. రోజుకి రెండుసార్లు బండి తీసే యజమానికి అది సుమారు ఎనిమిది నెలలకోసారి ఎదురవుతుంది. లక్ష కార్లు రోడ్డు మీద ఉంటే రోజుకి 400 మందికి ఎదురవుతుంది. ఆ లోపం లేదని మనం ఎప్పుడు అనగలం? ఒక పరీక్ష తప్పు లేకుండా వరసగా ఎన్నిసార్లు నడిచిందో, మూడుని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే మనం 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే గరిష్ఠ తప్పు రేటు. ఐదు వందల్లో ఒకటి కన్నా తక్కువ అని చెప్పాలంటే 1,500 స్టార్టులు కావాలి. ఒక్కోదానికి 90 సెకన్లు పడితే ముప్పై ఏడున్నర గంటలు. ఏ మనిషినీ ఆ పనికి కూర్చోబెట్టకూడదు. బెంచ్‌కి అది ఒక శనివారం, ఆదివారం సగం.

బ్యాటరీ తీగ నుంచి

హెడ్ యూనిట్‌కి వచ్చే ముఖ్యమైన తీగలు మూడు. కేఎల్ 30 బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే ప్లస్. కేఎల్ 15 ఇగ్నిషన్ వేస్తే వచ్చేది. కేఎల్ 31 గ్రౌండ్. కొత్త బండ్లలో కేఎల్ 15కి తీగ ఉండకపోవచ్చు, ఆ సంగతి క్యాన్ సందేశంగా వస్తుంది. అంచేత మొదటి పని కనెక్టరు పటం దగ్గర పెట్టుకుని ప్రతి పిన్నుకీ బెంచ్ వైపు ఏముందో రాసుకోవడం. ఖాళీగా వదిలేసిన పిన్ను కూడా యూనిట్ దృష్టిలో ఒక లోపమే.

పవర్ సప్లై ఎంపికలోనే సగం తలనొప్పులు పుడతాయి. నాలుగు చానళ్ల ఆంప్లిఫయర్ ఉన్న యూనిట్ పాట గట్టిగా పెట్టినప్పుడు పది ఆంపియర్ల పైన లాగుతుంది. సప్లై నుంచి యూనిట్ దాకా తీగ, ఫ్యూజు, రిలే, కనెక్టరు అన్నీ కలిపి 50 మిల్లీఓంలు ఉన్నా పది ఆంపియర్ల దగ్గర అర వోల్టు మాయమవుతుంది. సప్లై మీద 12 అని కనిపిస్తూ యూనిట్ దగ్గర 11.5 ఉంటే, తక్కువ వోల్టేజీ హద్దుల దగ్గర చేసే పరీక్షలన్నీ తప్పుతాయి. రిమోట్ సెన్స్ తీగలున్న (తీగ అవతలి చివర వోల్టేజీని కొలిచి సరిచేసుకునే) సప్లై తీసుకుని వాటిని యూనిట్ కనెక్టరు దగ్గరే కట్టాలి. గ్రౌండ్ వైపు సెన్స్ కూడా. దాన్ని మర్చిపోయిన బెంచీలు చాలా ఉంటాయి.

ఇంజను స్టార్ట్ చేసినప్పుడు పడే వోల్టేజీని నకలు చేయడం ఇంకా కష్టం. ఐఎస్ఓ 16750-2 ప్రమాణంలో ఆ రేఖాచిత్రం ఉంది. వోల్టేజీ 5 మిల్లీసెకన్లలో కిందికి పడుతుంది, కఠినమైన స్థాయిల్లో 4.5 వోల్టులకో అంతకన్నా కిందికో వెళ్తుంది, తర్వాత ఆరున్నర వోల్టుల దగ్గర అల్లాడుతూ కొన్ని సెకన్లు ఉండి పైకి లేస్తుంది. మామూలు ల్యాబ్ సప్లై కరెంటుని బయటికి ఇవ్వగలదే గానీ లోపలికి లాక్కోలేదు. దాని అవుట్‌పుట్ కెపాసిటరు 2,200 మైక్రోఫారడ్లు, యూనిట్ ఆ క్షణంలో 0.3 ఆంపియర్లు తీసుకుంటోంది అనుకుంటే, ఆరు వోల్టులు దిగడానికి 44 మిల్లీసెకన్లు పడుతుంది. మనం 5 అని రాస్తే జరిగేది 44. నెమ్మదిగా దిగే వోల్టేజీని యూనిట్ హాయిగా తట్టుకుంటుంది, టెస్టు పాస్ అవుతుంది, బండిలో మాత్రం రీసెట్ అవుతుంది. దీనికి కరెంటుని లాక్కోగల సప్లై కావాలి, లేదా ఆడియో ఆంప్లిఫయర్ తరహాలో రెండు వైపులా నడిపే సప్లై. డబ్బు మిగల్చాలంటే బెంచ్‌లో ఇంకెక్కడైనా మిగల్చండి, ఇక్కడ వద్దు. కొన్న రోజే యూనిట్ కనెక్టరు దగ్గర ఆసిలోస్కోప్ పెట్టి ఆ రేఖని కొలిచి ఫైల్లో పెట్టాలి.

ఇక నిద్ర కరెంటు. ఇగ్నిషన్ తీసేశాక యూనిట్ కొద్ది నిమిషాల్లో నిద్రలోకి వెళ్లాలి. అప్పుడు 0.1 మిల్లీఆంపియర్ కన్నా ఎక్కువ తీసుకోకూడదని లక్ష్యం పెట్టుకోవడం మామూలు. నిద్రపోకుండా అర ఆంపియరు లాగుతూ ఉండిపోతే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 గంటల్లో, అంటే నాలుగు రోజుల్లోపే, ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి బండి స్టార్ట్ కాదు. ఈ లోపం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేసే చేతి పరీక్షల్లో దొరకదు.

కొలవడంలో చిక్కేమిటంటే, అదే తీగలో పది ఆంపియర్లూ పోవాలి, వంద మైక్రోఆంపియర్లూ కనిపించాలి. 10 మిల్లీఓంల షంట్ (కరెంటు కొలవడానికి తీగ మధ్యలో పెట్టే రెసిస్టరు) మీద వంద మైక్రోఆంపియర్లు ఒక్క మైక్రోవోల్టు ఇస్తాయి, అది శబ్దంలో మునిగిపోతుంది. 10 ఓంల షంట్ అయితే ఒక మిల్లీవోల్టు వస్తుంది, చక్కగా కొలవచ్చు. కానీ కొలుస్తుండగా యూనిట్ మేలుకుని ఒక ఆంపియరు అడిగితే షంట్ మీదే పది వోల్టులు పడిపోతాయి. యూనిట్ రీసెట్ అవుతుంది, మళ్లీ మేలుకుంటుంది, మళ్లీ రీసెట్. ఆ చక్రాన్ని యూనిట్ లోపంగా రాసుకోవడం అన్యాయం. పరిష్కారం చవకైనదే: షంట్‌కి సమాంతరంగా కరెంటు పోయే దిశలో ఒక పవర్ డయోడ్, దాని పక్కన ఒక బైపాస్ రిలే. మిల్లీవోల్టు దగ్గర డయోడ్‌లోంచి లెక్కలోకి వచ్చేంత కరెంటేమీ పోదు. యూనిట్ మేలుకుంటే నష్టం ఒక వోల్టు దగ్గర ఆగుతుంది, ఈలోగా రిలే మూసుకుంటుంది. మూసే నిర్ణయం కంపారేటర్ సర్క్యూట్ తీసుకోవాలి. పైథాన్ స్క్రిప్టు మేల్కొనేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

బెంచీల్లో అన్నిటికన్నా మోసకారి తప్పు మరొకటుంది. కేఎల్ 30 తీసేశాం, యూనిట్ ఆగిపోయిందనుకుంటాం. నిజానికి లాగ్ కోసం కట్టిన సీరియల్ కేబుల్ 3.3 వోల్టుల సిగ్నల్, యూనిట్ చిప్‌లోని రక్షణ డయోడ్ల గుండా లోపలి రైలుని (చిప్‌లకి కరెంటు అందించే లైనుని) సగం ప్రాణంతో నిలబెడుతుంది. కంప్యూటరు యూఎస్‌బీ తీగ నుంచి వచ్చే 5 వోల్టులు కూడా అదే పని చేస్తాయి. ప్రాసెసరు పూర్తిగా చావదు, మళ్లీ కరెంటు ఇచ్చాక వింత స్థితిలో లేస్తుంది. ఆ వింతల్ని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వారాల తరబడి వెతుకుతారు. సీరియల్ లైనుకి ఐసొలేటర్ పెట్టండి, యూనిట్ వైపు సగానికి యూనిట్ నుంచే కరెంటు ఇవ్వండి. యూఎస్‌బీకి పోర్టు వారీగా కరెంటు తీసేయగల హబ్ వాడండి. "పవర్ ఆఫ్ చేసి ఐదు సెకన్లు ఆగు" అని రాసే బదులు లోపలి 5 వోల్టుల రైలు 0.3 కన్నా కిందికి దిగిందని కొలిచి ముందుకెళ్లండి.

ఇవన్నీ కుదిరాక రాయాల్సిన మొదటి టెస్టు కూడా కరెంటుదే. బూట్ అవుతుండగా కరెంటు తీసేయడం. స్టార్ట్ అయిన 0.1 సెకను దగ్గర ఒకసారి, 0.2 దగ్గర ఒకసారి, అలా 40 సెకన్ల దాకా 400 సార్లు. ఒక్కోదానికి 90 సెకన్లు వేసుకుంటే పది గంటలు, ఒక్క రాత్రి. ఫైల్ సిస్టమ్ పాడవడం, సేవ్ అయిన రేడియో స్టేషన్లు పోవడం, బ్లూటూత్ జతలు చెరిగిపోవడం ఇక్కడే బయటపడతాయి. స్క్రీన్‌షాట్ టెస్టులు ఎన్ని వందలున్నా ఈ ఒక్కదాని విలువ చేయవని అంటాను.

లేని కారుని ఉన్నట్టు చూపించడం

బెంచ్ మీద ఇంజను లేదు, గేరు లేదు, తలుపులు లేవు. అవన్నీ క్యాన్ బస్సు మీద చెప్పే మాటల్ని మనమే చెప్పాలి. దీన్ని రెస్ట్‌బస్ సిమ్యులేషన్ అంటారు. వెక్టర్ కంపెనీ క్యానో సాఫ్ట్‌వేర్ ఈ పనికి బాగా వాడుకలో ఉంది, దాని లైసెన్సు ఖరీదు కూడా అలాగే ఉంటుంది. లినక్స్ సాకెట్‌క్యాన్, పైథాన్‌లో పైథాన్-క్యాన్, క్యాన్‌టూల్స్ లైబ్రరీలు, బండి తయారీదారు ఇచ్చిన డీబీసీ ఫైలు (ఏ సందేశంలో ఏముందో చెప్పే పట్టిక), ఇవి చేతిలో ఉంటే చాలా బెంచీలకి సరిపోతుంది.

ముందు మల్టీమీటరు. కరెంటు లేకుండా క్యాన్ హై, క్యాన్ లో అనే రెండు తీగల మధ్య 60 ఓంలు రావాలి. 120 వస్తే ఒక చివర టెర్మినేటర్ (బస్సు రెండు చివర్లా ఉండాల్సిన 120 ఓంల రెసిస్టరు) లేదు. 40 వస్తే ఒకటి ఎక్కువైంది. తీగ మీటరు పొడవే కదా అని ఉపేక్షించకండి, సెకనుకి 500 కిలోబిట్ల బస్సు నడిచినట్టే నడిచి అప్పుడప్పుడు తప్పుతుంది. ఆ అప్పుడప్పుడే మన పొద్దుటి ఎర్ర టెస్టులు.

సందేశాలకి గడువులుంటాయి: కొన్ని 10 మిల్లీసెకన్లకోసారి, కొన్ని 20, కొన్ని 100. వాటిని పైథాన్ లూపులో నిద్రపోతూ లేస్తూ పంపితే కుదరదు. విండోస్‌లో మామూలు టైమర్ అడుగే సుమారు 15.6 మిల్లీసెకన్లు. 10కి పోవాల్సినది 16కో 31కో పోతుంది, యూనిట్ "ఆ కంప్యూటరు పోయింది" అనుకుని లోపం కోడ్ రాసుకుంటుంది. లినక్స్ కెర్నెల్‌లో బ్రాడ్‌కాస్ట్ మేనేజర్ అని ఉంది, సందేశాన్నీ గడువునీ ఒకసారి దానికి అప్పగిస్తే కెర్నెలే పంపుతూ ఉంటుంది. చాలా సందేశాల్లో ప్రతిసారీ పెరిగే కౌంటరూ దానికి తగ్గ చెక్‌సమ్మూ ఉంటాయి. ఆటోసార్ అనే కారు సాఫ్ట్‌వేర్ ప్రమాణంలోని ఈ2ఈ (సందేశం చెడకుండా వచ్చిందా అని చూసే పద్ధతి) మొదటి ప్రొఫైల్లో కౌంటరు 0 నుంచి 14 దాకా తిరుగుతుంది. 15 ఫ్రేములూ (బస్సు మీద పోయే ఒక్కో సందేశం ఒక ఫ్రేము) ముందే లెక్కకట్టి వరసగా బ్రాడ్‌కాస్ట్ మేనేజర్‌కి ఇస్తే సరి. సిగ్నల్ విలువ మారినప్పుడు పదిహేనింటినీ మార్చాలి. ఒక్కటి పాతదిగా మిగిలితే స్పీడోమీటరు సెకనుకి కొన్నిసార్లు వెనక్కి దూకుతుంది.

నిద్ర పరీక్షలో క్యాన్ మరో వల పన్నుతుంది. బస్సు మీద మన అడాప్టరూ యూనిట్టూ ఇద్దరే ఉన్నారనుకోండి. యూనిట్ నిద్రపోతే మన ఫ్రేముకి అందిందనే జవాబు ఇచ్చేవాళ్లు లేరు. అడాప్టరు హార్డ్‌వేర్ అదే ఫ్రేముని ఆపకుండా మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ చప్పుడికి యూనిట్‌లో బస్సుని వినే చిప్, ట్రాన్స్‌సీవర్, మేలుకుంటుంది. "మా యూనిట్ నిద్రపోవట్లేదు" అనే ఫిర్యాదు వస్తే ముందు బస్సు మీద స్కోప్ పెట్టి చూడండి. స్క్రిప్టులో పంపడం ఆపితే చాలదు, ఇంటర్‌ఫేస్‌నే కిందికి దించి క్యూ ఖాళీ చేయాలి. మామూలు పరీక్షలప్పుడు జవాబివ్వడానికి రెండో క్యాన్ నోడ్ ఒకటి బస్సు మీద ఉంచాలి.

ఇంకొక్క మాట గడియారాల గురించి. క్యాన్ అడాప్టరు తన సొంత గడియారంతో టైమ్ వేస్తుంది. అది పదిలక్షలకి 50 వంతులు తేడాగా నడిచినా గంటకి 0.18 సెకను, రాత్రి 12 గంటలకి రెండు సెకన్ల పైన తేడా వస్తుంది. కరెంటు రికార్డు, క్యాన్ లాగ్, ఆడియో, వీడియో, సీరియల్ లాగ్ అన్నీ ఒకే గడియారానికి రావాలి. లేకపోతే తెల్లవారుజామున మూడింటికి ఏది ముందు జరిగిందో చెప్పలేం, ఏది ముందో చెప్పలేని లాగ్ ఎవరికీ పనికిరాదు.

చెవికి బదులు

స్పీకరు అవుట్‌పుట్ దగ్గర కొత్తవాళ్లు యూనిట్లని కాల్చేస్తారు. కారు ఆంప్లిఫయర్లు బ్రిడ్జి పద్ధతిలో నడుస్తాయి. స్పీకరు తీగలు రెండిట్లో ఏదీ గ్రౌండ్ కాదు, ఒక్కోదాని మీదా సప్లైలో సగం, అంటే ఏడు వోల్టుల దరిదాపుల్లో డీసీ ఉంటుంది. గ్రౌండ్ ఉన్న సౌండ్‌కార్డునో స్కోప్‌నో ఒక తీగకి కట్టారంటే షార్టే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ, రెండు తీగల తేడాని తీసుకునే అటెన్యుయేటరు గానీ మధ్యలో ఉండాలి. సప్లై 14.4 వోల్టులుంటే అవుట్‌పుట్ సుమారు 10 వోల్టులు ఆర్‌ఎంఎస్ దాకా వెళ్తుంది, 4 ఓంల మీద అది 25 వాట్లు. నాలుగు చానళ్లకి వంద. కాబట్టి ఒక్కో చానలుకి 4 ఓంల, 50 వాట్ల అల్యూమినియం ఒంటి రెసిస్టరు, హీట్‌సింకు, ఫ్యాను. సౌండ్‌కార్డుకి పదోవంతుకి తగ్గించి ఇవ్వాలి. క్లాస్-డి ఆంప్లిఫయర్ అయితే దాని స్విచింగ్ శబ్దం సౌండ్‌కార్డులోకి పోకుండా 20 కిలోహెర్ట్జ్ లోపాస్ ఫిల్టరు కూడా. లోడు కట్టకుండా వదిలేద్దామంటే యూనిట్ స్పీకరు తెగిందని లోపం కోడ్ వేస్తుంది, కొన్ని చానల్నే మూసేస్తాయి.

శబ్దం వస్తోందా లేదా అన్న పరీక్ష సులువు, అందుకే దాని విలువా తక్కువ. ఎడమ చానలుకి 730 హెర్ట్జ్, కుడికి 1,130 హెర్ట్జ్ ఉన్న డబ్ల్యూఏవీ ఫైలు వాయించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 4,800 శాంపిళ్ల కిటికీ తీసుకుంటే 10 హెర్ట్జ్ అడుగులు వస్తాయి, ఈ రెండూ సరిగ్గా అడుగుల మీద పడతాయి. ఎడమ కుడి తారుమారైనా, ఒక చానల్ రెండోదాంట్లోకి కారినా వెంటనే తెలుస్తుంది. కానీ యజమానులకి చిరాకు తెప్పించేది పాట మధ్యలో చిటుక్కుమనే తెంపు. 3 మిల్లీసెకన్ల తెంపు వంద మిల్లీసెకన్ల కిటికీలో స్థాయిని పావు డెసిబెల్ మాత్రమే తగ్గిస్తుంది, ఏ హద్దూ దాన్ని పట్టుకోదు. చేయాల్సింది ఇది: కొలిచిన తరంగానికి సరిపోయే సైన్ తరంగాన్ని లెక్కకట్టి తీసేసి, మిగిలినదాన్ని చూడండి. మంచి యూనిట్లో మిగులు మైనస్ 60 డెసిబెళ్ల చుట్టూ ఉంటే, ఆ తెంపున్న కిటికీలో మైనస్ 15కి ఎగిరిపోతుంది. రాత్రంతా బ్లూటూత్ పాట నడుపుతూ, మధ్యలో రివర్స్ గేరు వేస్తూ, నావిగేషన్ మాట్లాడిస్తూ ఈ మిగులుని గమనిస్తే యూనిట్ బండారం బయటపడుతుంది.

వాల్యూము కొలిచే ముందు రెస్ట్‌బస్‌లో బండి వేగం సున్నా అని చెప్పడం మర్చిపోవద్దు. వేగం పెరిగితే వాల్యూము పెంచే సదుపాయం చాలా యూనిట్లలో ఉంది.

రేడియోకి గాలిలోని సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. సిగ్నల్ జనరేటరు, కేబుల్, మధ్యలో డీసీ బ్లాక్. ఆ డీసీ బ్లాక్ తప్పనిసరి. యాంటెన్నా ఆంప్లిఫయర్ కోసం యూనిట్ అదే కేబుల్ మీద కరెంటు పంపుతుంది, అది జనరేటరు లోపలికి పోతే ఖరీదైన మరమ్మతు. అలాగని కరెంటు తీసుకునేవాళ్లే లేకపోతే యూనిట్ యాంటెన్నా లేదంటుంది. బయాస్ టీ (రేడియో సిగ్నల్‌నీ డీసీ కరెంటునీ విడదీసే భాగం) పెట్టి 8.5 వోల్టుల దగ్గర 170 ఓంల రెసిస్టరు కడితే 50 మిల్లీఆంపియర్లు పోతాయి, యూనిట్ సంతృప్తి పడుతుంది.

ప్రాంతం కోడింగ్ (యూనిట్‌ని ఏ దేశానికి అమర్చారనే సెట్టింగు) పరీక్షకి మన ఆకాశవాణి స్టేషన్లు చక్కగా పనికొస్తాయి. భారతదేశంలో మీడియం వేవ్ అడుగు 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, మూడూ తొమ్మిదితో భాగించబడతాయి, పదితో కావు. అమెరికా కోడింగ్‌తో వచ్చిన యూనిట్ ఈ మూడిట్లో దేనికీ సరిగ్గా ట్యూన్ కాదు. కడప 900 మాత్రం రెండు లెక్కల్లోనూ దొరుకుతుంది, కాబట్టి దానితో పరీక్షిస్తే తప్పు దాక్కుంటుంది. ఎఫ్‌ఎంలో కూడా అంతే. అమెరికాలో స్టేషన్లు 101.9, 102.1 లాగా బేసి దశాంశాల మీదే ఉంటాయి. హైదరాబాద్ రెయిన్‌బో 101.9 అక్కడి లెక్కలోనూ వస్తుంది, వివిధ భారతి 102.8 రాదు. టెస్టు డేటా ఎంచుకోవడమంటే తప్పుని దాచని విలువని ఎంచుకోవడం.

రేడియో మోసుకొచ్చే డేటాని కూడా శత్రువు పంపినట్టే చూడాలి. 2022 జనవరిలో అమెరికాలోని సియాటిల్ దగ్గర, 2014 నుంచి 2017 వరకు వచ్చిన కొన్ని మాజ్డా కార్ల హెడ్ యూనిట్లు 94.9 ఎఫ్‌ఎం, కేయూఓడబ్ల్యూ స్టేషన్ విన్నాక పాడైపోయాయి. స్టేషన్ హెచ్‌డీ రేడియోలో (అమెరికాలోని డిజిటల్ రేడియో పద్ధతి) పంపిన బొమ్మ ఫైళ్ల పేరుకి చివర ఎక్స్‌టెన్షన్ లేదు. యూనిట్ దాన్ని తెరవబోయి పడిపోయింది, లేచింది, మళ్లీ పడిపోయింది. దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. పేరుకి ఎక్స్‌టెన్షన్ లేని ఫైలు, సున్నా బైట్ల ఫైలు, సగంలో తెగిన బొమ్మ, ఆర్‌డీఎస్‌లో (ఎఫ్‌ఎం సిగ్నల్‌తో పాటు వచ్చే డేటా) 64 అక్షరాల టెక్స్టు నిండా అర్థంలేని బైట్లు, వీటిని రాత్రంతా పంపే స్క్రిప్టు చాలు. యూఎస్‌బీ స్టిక్కులోని పాటల ట్యాగులకీ ఇదే మందు.

తెర, కెమెరా

ఇప్పుడు తెర. ఆండ్రాయిడ్ ఆధారిత యూనిట్లలో ఏడీబీతో (కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్‌కి ఆదేశాలు పంపే సాధనం) నొక్కడం, స్క్రీన్‌షాట్ తీయడం తేలిక. ఆ తేలికలో మూడు లోటులున్నాయి. ఏడీబీతో పంపిన నొక్కుడు టచ్ కంట్రోలర్‌ని దాటేసి వెళ్తుంది, కాబట్టి టచ్ పాడైనా టెస్టు పాస్. అమ్మకానికి వెళ్లే బిల్డులో ఏడీబీ మూసేస్తారు, అంటే మనం పరీక్షించింది కస్టమరు వాడేది కాదు. మూడోది అసలైనది: చాలా డిజైన్లలో వెనక కెమెరా దృశ్యాన్ని ఆండ్రాయిడ్‌కి సంబంధం లేని పొర తెర మీదికి పంపుతుంది. స్క్రీన్‌షాట్‌లో హోం పేజీ ఉంటుంది, తెర మీద కెమెరా ఉంటుంది, లేదా ఉండదు. స్క్రీన్‌షాట్ ఆ సంగతి చెప్పలేదు. కనీసం కెమెరా సంబంధమైన టెస్టులకి బయటి నుంచి తెరని చూడాలి.

అమెరికా భద్రతా నియమం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 111 ప్రకారం రివర్స్ వేసిన రెండు సెకన్లలోపు వెనక దృశ్యం కనిపించాలి. దీన్ని కొలవడానికి కంప్యూటరు గడియారాన్నీ కెమెరా గడియారాన్నీ కలపాలని తంటాలు పడనక్కర్లేదు. రివర్స్ సిగ్నల్‌తో పాటే వెలిగే ఒక ఎల్‌ఈడీని తెర మూలన అంటించండి. ఒకే వీడియోలో ఎల్‌ఈడీ వెలిగిన ఫ్రేమూ దృశ్యం వచ్చిన ఫ్రేమూ ఉంటాయి, మధ్య ఫ్రేములు లెక్కపెట్టడమే. సెకనుకి 60 ఫ్రేముల కెమెరాతో 17 మిల్లీసెకన్ల ఖచ్చితత్వం వస్తుంది. కెమెరా ఆటో ఎక్స్‌పోజరు, ఆటో వైట్‌బ్యాలెన్సు మూసేయాలి, తెరా కెమెరా చీకటి పెట్టెలో ఉండాలి. లేకపోతే ల్యాబ్‌లో ట్యూబ్‌లైటు ఆర్పినప్పుడల్లా టెస్టు ఫెయిల్.

దృశ్యం వచ్చినంత మాత్రాన అది బతికున్న దృశ్యం కాకపోవచ్చు. గడ్డకట్టిన పాత ఫ్రేము చూపిస్తూ వెనక్కి నడిపించే యూనిట్, ఏమీ చూపించని యూనిట్ కన్నా ప్రమాదం. వెనక కెమెరా ముందు మెరిసే ఎల్‌ఈడీ ఒకటి పెట్టి, తెర మీద కూడా అది మెరుస్తోందా అని చూడండి. పది రూపాయల భాగం.

ఫోన్ల గురించి క్లుప్తంగా: ఆటో అప్‌డేట్లు ఆపండి, నెలల తరబడి వంద శాతం చార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీలు ఉబ్బుతాయి కాబట్టి హబ్ ద్వారా చార్జింగ్‌ని వంతుల వారీగా ఇవ్వండి, పక్కపక్క బెంచీల బ్లూటూత్‌లు గొడవపడకుండా ఒక్కో బెంచ్‌ని షీల్డు పెట్టెలో పెట్టండి.

ఫ్లాష్ అరుగుదల

టెస్టు రిపోర్టుల్లో తరచూ కనిపించని కొలత ఒకటుంది: యూనిట్ గంటకి ఎంత రాస్తోంది. 2021లో టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లు 134,951 వెనక్కి పిలిపించారు. కారణం 8 జీబీ ఈఎంఎంసీ ఫ్లాష్ (డేటా దాచే మెమరీ చిప్) అరిగిపోవడం. దాని బ్లాకులు 3,000 సార్లు రాసి చెరిపితే అయిపోతాయి. ఫ్లాష్ పోతే తెర పోయింది, దానితో వెనక కెమెరా కూడా. తెర ముందు చేసే ఏ పరీక్షా దీన్ని ముందుగా చూపించలేదు, ఎందుకంటే కొత్త యూనిట్లో అన్నీ బాగానే ఉంటాయి.

లెక్క చిన్నది. 8 జీబీని 3,000తో గుణిస్తే 24,000 జీబీ. ఒక బైటు రాయమంటే లోపల నాలుగు బైట్లు రాస్తుందని అనుకుంటే మనకి మిగిలేది 6,000 జీబీ. రోజుకి రెండు గంటల చొప్పున పదేళ్లు అంటే 7,300 గంటలు. అంటే గంటకి 0.8 జీబీ దాటకూడదు. లినక్స్‌లో బ్లాక్ డివైస్ స్టాట్ ఫైలులో రాసిన సెక్టార్ల సంఖ్య ఉంటుంది, ఒక్కో సెక్టారు 512 బైట్లు. ప్రతి రాత్రీ పరీక్షల ముందూ వెనకా దాన్ని చదివి తేడా రాసుకుంటే చాలు. ఎవరో డీబగ్ లాగ్ తెరిచి మర్చిపోయిన రోజు ఆ గీత పైకి లేస్తుంది. చిప్ తన అరుగుదలని పది శాతం మెట్లలో తానే చెప్పే రిజిస్టరు కూడా ఈఎంఎంసీ 5.0 నుంచి ఉంది.

ఎర్ర టెస్టు ఎవరిది

ఫెయిల్ అయిన టెస్టుని మూడుసార్లు మళ్లీ నడిపి, ఒక్కసారి పాస్ అయినా పాస్ అనే అలవాటు ఈ రంగంలో పాతుకుపోయింది. పదిసార్లలో ఒకసారి వచ్చే నిజమైన లోపం మూడుసార్లూ వరసగా వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి. అంటే ఆ పద్ధతి పది శాతం లోపాన్ని వెయ్యికి 999 సార్లు దాచేస్తుంది. స్టార్టుల లెక్క చూశాక దీన్ని ఎవరైనా ఎలా సమర్థిస్తారో నాకు అర్థం కాదు. మళ్లీ నడపాలంటే బెంచ్ తప్పని ముందు రుజువుండాలి: సప్లై వోల్టేజీ హద్దు దాటింది, క్యాన్ బస్సు మీద ఎర్రర్ ఫ్రేములు లెక్క మించాయి, ఫోను హబ్ నుంచి ఊడింది. అందుకే ప్రతి టెస్టు వెంబడే బెంచ్ ఆరోగ్యం కూడా రికార్డు కావాలి. ఫెయిల్ అయిన చోట ముందు 30 సెకన్లు, తర్వాత 30 సెకన్ల కరెంటు, క్యాన్, ఆడియో, వీడియో ఒక కట్టగా కట్టి టికెట్‌కి జతచేయాలి. టికెట్ అందుకున్న డెవలపరు బెంచ్ దగ్గరికి నడిచి రావాల్సిన అవసరం ఉండకూడదు.

ఎన్ని శాతం టెస్టులు ఆటోమేట్ చేశారు అని పైనుంచి అడుగుతారు. ఆ అంకె పెంచడానికే తెర టెస్టులు పుట్టుకొస్తాయి. దాని బదులు గత నెల ఫెయిల్ అయినవాటిలో ఎన్నిటికి కారణం దొరికింది, అందులో ఎన్ని యూనిట్‌వి, ఎన్ని బెంచ్‌వి అని అడగమనండి. బెంచ్ వాటా ఎక్కువుంటే కొత్త టెస్టులు ఆపి తీగలు బాగుచేయాలి.

దీనికి తోడు ప్రతి బెంచీల వరసలో ఒక యూనిట్‌ని, సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ మార్చకుండా, పక్కన ఉంచాలి. అన్ని టెస్టులూ పాస్ అవుతుందని ముందే తెలిసిన యూనిట్ అది. రోజూ సాయంత్రం కొత్త బిల్డు ఎక్కించే ముందు దాని మీద పవర్, క్యాన్, ఆడియో పరీక్షలు ఇరవై నిమిషాలు నడపాలి. అందులో ఒక్కటి ఫెయిలైనా ఆ రాత్రి ఆ బెంచ్ మీద కొత్త బిల్డు నడపకూడదు, దాని ఫలితాలు ఎవరికీ పంపకూడదు. పొద్దున ఎవరైనా మల్టీమీటరు పట్టుకుని కనెక్టరు దగ్గర మొదలుపెట్టాలి.